పీకో కింద గీత

ఇంటర్ రికార్డు బుక్కు ఆఖరు పేజీల
మూడు అంకెలు రాసి, మూడూ కొట్టేసిన.
రెండొందల యాభై చూస్తే సిగ్గయింది.
యాభై చూస్తే కోపమొచ్చింది.
నూటయాభై ఎవరిదో ఇంటిపేరు లెక్క,
నాది కాదనిపించింది.

అమ్మకు ఈ తిప్పలు లేదు.
కాజీపేట రైలుకట్ట పక్కన మా గోడకు
ఆమె రేట్ల బోర్డున్నది:
సాదా జాకెట్టు నూట ఇరవై,
లైనింగైతే రెండొందల ఎనభై,
ఫాల్, పీకో ఎనభై,
అర్జెంటుకు వేరే.
"జాకెట్టయితే తొడుక్కుంటరు బిడ్డా,
నువ్వు కుట్టిచ్చేది యాడ తొడుక్కుంటరు?"
దారం పంటితో తెంపుకుంట అడిగింది.
ఎక్కిరింత కాదు, నిజంగనే అడిగింది.

నాకు నేర్పిన డిక్రూజ్ సారు, రిటైర్డు గార్డు,
పైసలు ముట్టలే.
శుక్రవారం చింతకాయేసిన చేపల పులుసు.
డబ్బా మూత తీసి, వాసన చూసి,
"సరే, కూర్చో" అనేటోడు.
ఎనిమిది నెలలు పట్టింది
నా ఎడమచెయ్యి నా మాట వినేసరికి.
ఎనిమిది నెలలకు ఎన్ని చేపలు?
అది తెలిస్తే ఈ లెక్క ఎప్పుడో తేలేది.

హన్మకొండ చౌరస్తా కాడ అకాడమీల నెలకు మూడు వేలు.
ఏసీ. సర్టిఫికెట్టు. అద్దాల తలుపు.
మా ఇంట్ల కూలరు, అరవై ఒక్క మెట్ల కీబోర్డు,
అండ్ల ఒక నల్లమెట్టు వానకాలం లోపలికి పోతే
మళ్ల ఎండకాలమే పైకొస్తది.
నాకొచ్చింది కూడా రెండో గ్రేడు దాకనే.
రెండు మెట్లు కిందున్నోళ్లకే నేను టీచర్ను,
వాళ్లు ఎక్కొస్తే నేను జరగాలె.

పైంగ బొగ్గు గూడ్సు.
అది పోయినంతసేపు పాఠం ఉండదు, మాట ఉండదు,
స్టాండు మీది పుస్తకం దానంతటదే పేజీ తిప్పుకుంటది.
ఆ నాలుగు నిమిషాలు ఎవల ఖాతాల రాయాలె?

నయీంనగర్ డాక్టరమ్మ ఫోన్ల
"క్లాసుకు నూరేనా?" అన్నది.
ఆ చివరి 'నా'ల ఏమున్నదో నాకు తెలుసు,
అంగట్ల అగ్గువ టమాటను ఒత్తి చూసే వేలు.
రెండొందలు నాలుక దాకా వచ్చింది.
కానీ పొద్దుగాలనే నాజియాకు నూరని చెప్పిన,
స్కూటర్ల మెకానిక్ ఖలీల్ చాచా బిడ్డ, తొమ్మిదేండ్లు.
అదే పాఠం, అదే బొటనవేలు, అదే నడిమి 'సి'.
"నూరే ఆంటీ. ఆటోకు వేరే."
అమ్మ గొంతు నా నోట్ల విని నేనే బెదిరిన.

నాజియా ఇంట్ల కీబోర్డు లేదు.
అమ్మ జాకెట్లు కత్తిరించే అట్ట మీద
స్కెచ్చుతోటి మెట్లు గీసిచ్చిన.
దానికి పైసలెట్ల అడగాలె, అది మోగదు గదా.
వారం పోయినంక వచ్చి వాయించింది,
అట్ట మీద నేర్చిన ఐదు స్వరాలు,
తన వేలి కింద సప్పుడైతే
తనే ఉలిక్కిపడుకుంట.
నడుమల గూడ్సు వచ్చింది.
చేతులు తియ్యలే. పెదవులే కదులుతున్నయి:
ఒకటి రెండు మూడు నాలుగు,
ఒకటి రెండు మూడు నాలుగు.
యాభై తొమ్మిది డబ్బాలు, ఒక గార్డు పెట్టె
పోయినంక,
సరిగ్గ ఆగిన కాడనే ఎత్తుకున్నది.

పొయ్యేటప్పుడు పది పదులు చేతుల పెట్టింది.
ఇంజన్ ఆయిల్ వాసన.
పులుసు డబ్బా మూత తీసినట్టు
ఒక్కసారి ముక్కుకాడ పెట్టుకున్న.

మాపటికి అమ్మ చాక్‌పీసు పట్టుకొని
పీకో కింద గీత గీసి రాసింది:
పీయానో, నూరు.
పీకో రాసి రాసి అలవాటైన చెయ్యి,
దీర్ఘం అట్లనే పడ్డది.
దిద్దుదామని లేసిన.
దీర్ఘానికి రెండు మాత్రలు గదా.
కూసున్న.
ఉండనీ.